వాల్టర్ హెప్‌వర్త్ ఒంటరి సమ్మె

శ్రేయాస్ పడి లేవలేదు. ఎదుటి జట్టువాడి భుజం అతని దవడకి తగిలిన చప్పుడు కంచె దగ్గర నిలబడ్డవాళ్లకి కూడా వినిపించింది. మైదానం ఆ అంచున ఆడే వింగర్ ధృవ్ పరుగెత్తుకొచ్చేసరికి శ్రేయాస్ కళ్లు తెరిచే ఉన్నాయి. ఆ కళ్లు ఎవరినీ చూడటం లేదు.

డాక్టర్ లేడు. పదమూడు మంది ఆడే రగ్బీకి అరోరా అనే ఈ అమెరికా ఊళ్లో ఉన్నది ఈ ఒక్క జట్టు. దానికి మూడు సీజన్లుగా డాక్టర్ లేడు. జట్టు యజమాని మల్లికార్జునరావు ఒక సీసా నీళ్లు మొహం మీద పోయించి, "ఏం కాలేదు, లే. ఇంకో ఇరవై నిమిషాలేగా," అన్నాడు.

ధృవ్ అక్క నమ్రత ఆస్పత్రిలో నర్సు. ఆమె కంచె దూకి వచ్చింది.

"అంకుల్, వీణ్ణి ఆడించకండి. తలకి తగిలింది. ఇంకో దెబ్బ పడితే బ్రెయిన్ స్వెల్ అవుతుంది."

"నువ్వు గ్రౌండ్‌లోకి రాకూడదమ్మా. రూల్స్ ఉంటాయి."

శ్రేయాస్‌ని లేపి నిలబెట్టారు. ఆరు నిమిషాలు ఆడాడు. రెండోసారి పడ్డప్పుడు అంబులెన్స్‌ని పిలిచింది నమ్రతే.

మర్నాడు ఆటగాళ్లందరికీ ఒక కాగితం వచ్చింది. శ్రేయాస్ తనంతట తనే ఆడతానని పట్టుబట్టాడట. కింద సాక్షులుగా సంతకం పెట్టాలి.

ఆ సాయంత్రం కెప్టెన్ జగదీష్ గ్యారేజీలో పదిహేను మంది ఆటగాళ్లు, నమ్రత చేరారు. జగదీష్ ట్రక్కు నడుపుతాడు. మిగతావాళ్లలో గోదాముల్లో పెట్టెలు మోసేవాళ్లు, కాలేజీ పిల్లలు ఉన్నారు. జీతం లేకుండా సరదాకి ఆడే రాకేష్ మాత్రం సాఫ్ట్‌వేర్ ఉద్యోగి.

"సంతకం పెట్టకుంటే తీసేస్తడు," అన్నాడు జగదీష్. "తీసేసినా వదలడు. రెండేండ్లు ఇంకో టీమ్‌ల ఆడొద్దని కాంట్రాక్ట్‌ల రాసుకున్నడు."

"మీకేం, మీరంతా సిటిజన్స్," అన్నాడు రాకేష్. "గొడవై అరెస్ట్ అయితే నా వీసా పోతుంది. నమ్రతగారు తిట్టినా సరే, నాకు భయంగా ఉంది."

ధృవ్ లేచాడు. "మీరు సైన్ చేసుకోండి. నేనొక్కణ్ణే చెయ్యను. నన్ను ఏం చేసినా ఓకే."

"వద్దు," అన్నాడు మూలనున్న ముసలాయన.

ఆయన వాల్టర్ హెప్‌వర్త్. తొంభై నాలుగేళ్ల ఇంగ్లిష్‌వాడు. వృద్ధాశ్రమం నుంచి ప్రతి శనివారం మ్యాచ్‌కి వచ్చేవాడు. ఇవాళ ధృవ్ వెంటబెట్టుకొచ్చి, ఇక్కడి మాటలు ఇంగ్లిష్‌లో చెబుతూ ఉన్నాడు. అంచు గీత వెంట పరుగెత్తడం ధృవ్‌కి నేర్పింది ఆయనే. తన సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు చెప్పాడు.

పుట్టింది యార్క్‌షైర్ బొగ్గు ఊళ్లో. పదిహేనో ఏట గనిలోకి దిగాడు. పంతొమ్మిదికి ఊరి జట్టులో వింగర్. శనివారం పదివేల మంది అతని పేరు పెట్టి అరిచేవారు. సోమవారం మళ్లీ గనిలో బొగ్గు తవ్వేవాడు. ఒక సీజన్‌లో ముప్ఫై ఒక్క ట్రైలు, అంటే అన్నిసార్లు బంతిని అవతలి గీత దాటించాడు. పంతొమ్మిది వందల యాభై ఐదులో భుజం కీలు తప్పింది. క్లబ్బువాళ్లు నొప్పి తెలియకుండా సూది పొడిచి ఆడమన్నారు. ఆడనన్నాడు.

"ఆ రోజుల్లో ఆటగాడు క్లబ్బు సొత్తు. నన్ను అమ్మకానికి పెట్టారు, ఎవరూ కొనలేని ధరకి. రెండేళ్లు గ్యాలరీలో కూర్చుని చూశాను. తిరిగొచ్చేసరికి కాళ్లలో వేగం లేదు. ఇరవై ఆరేళ్లకే అయిపోయింది. ఓడెక్కి ఈ ఊరి యంత్రాల ఫ్యాక్టరీకి వచ్చాను."

ఆయన జగదీష్ వైపు తిరిగాడు.

"మిగతా పన్నెండు మందికీ అవే సూదులు పొడిచేవారు. అందులో ఒక్కణ్ణి కూడా నేను అడగలేదు, నాతో వస్తావా అని. ఒక్కణ్ణే నిలబడటం పౌరుషం అనుకున్నాను. ఒంటరివాణ్ణి తొక్కడం వాళ్లకి ఎంత తేలికో ఫ్యాక్టరీలో యూనియన్ పెట్టుకున్నాక తెలిసింది. ఇతన్ని ఒంటరిగా పంపకండి."

అర్ధగంట వాదులాడుకున్నారు. చివరికి మూడు కోర్కెలు తేలాయి: ప్రతి మ్యాచ్‌కీ డాక్టర్ ఉండాలి, శ్రేయాస్ వైద్యం క్లబ్బే చేయించాలి, రెండేళ్ల షరతు కొట్టేయాలి. కాగితం మీద సంతకం ఎవరూ పెట్టరు. రాకేష్ బయటుండి వీడియో తీస్తానన్నాడు. "తప్పించుకున్నాడు," అని ఎవరో గొణిగితే జగదీష్ కసిరాడు. "భయపడ్డోణ్ణల్లా తరిమేస్తే రేపు మనం ఎంతమందిమి మిగుల్తం?"

శనివారం మిల్వాకీ జట్టు వచ్చింది. రిఫరీ ఈల ఊదాడు. అరోరా ఆటగాళ్లు మధ్య గీత దాకా నడిచి, వరుసగా కూర్చున్నారు.

మల్లికార్జునరావు బూట్లకి బురద అంటించుకుంటూ వచ్చాడు.

"ధృవ్, మీ గృహప్రవేశానికి వచ్చినవాణ్ణి నేను. ఇదేం పని నాన్నా?"

"అది తెలుసు, మల్లికార్జునరావు గారూ." అంకుల్ అనకుండా పిలవడం అతనికదే మొదలు. "వారం నుంచి మీరు శ్రేయాస్ పేరు కూడా ఎత్తలేదు. వాడు ఇంకా కళ్లు తెరవలేదు."

యజమాని వంగి గొంతు తగ్గించాడు. "నువ్వొక్కడివీ లే. నీ కాంట్రాక్ట్ చింపేస్తా. నచ్చిన టీమ్‌కి పో."

ధృవ్ పక్కకి చూశాడు. జగదీష్ ముందుకే చూస్తున్నాడు. అందరూ విన్నారు. "నేను లేవను," అన్నాడు ధృవ్.

ఈలోగా మిల్వాకీ కెప్టెన్ నమ్రతని అడిగి విషయం తెలుసుకున్నాడు. "మాకూ డాక్టర్ లేడు," అంటూ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. అతని వెనక అతని జట్టు కూర్చుంది.

పోలీసులు వచ్చారు. యజమాని వేలెత్తి చూపిన ధృవ్‌ని లేపి బేడీలు వేశారు. వరుసలో ఒక ఖాళీ మిగిలింది. రాకేష్ తన ఫోన్‌ని నమ్రత చేతిలో పెట్టి గీత దాటి వచ్చి, ఆ ఖాళీలో కూర్చున్నాడు.

"రాకేష్, వద్దురా. నీ వీసా," అని ధృవ్ పోలీసు కారు దగ్గర్నుంచి అరిచాడు.

"తెలుసులే," అన్నాడు రాకేష్. 

ఆ వీడియో ఆదివారానికి లీగ్‌లోని ప్రతి జట్టుకీ చేరింది. తరవాతి శనివారం మిల్వాకీలో ఈల మోగగానే అక్కడి జట్టూ, ఆడటానికొచ్చిన జట్టూ గడ్డిమీద కూర్చున్నాయి. అక్కడి యజమాని కూడా పోలీసుల్ని పిలిచాడు. కూర్చున్నది ఇరవై ఆరుగురు, వాళ్లు తెచ్చిన వ్యాన్‌లో ఎనిమిది మందికే చోటుంది. అప్పటికి చూడ్డానికొచ్చినవాళ్లు కంచె దాటి మైదానంలోకి దిగి ఆటగాళ్ల పక్కన కూర్చుంటున్నారు.