అరికాళ్లకు నువ్వుల నూనె

ఇమాం సాహెబ్ కాళ్లు నేలమీద కంటే పెడళ్లమీదే ఎక్కువకాలం బతికాయి. నరసరావుపేటలో సైకిలు షాపు అతనిది. పక్క సందులోని మసీదుకైనా సైకిలే. పెళ్లిచూపులప్పుడు కూడా సైకిలు దిగకుండానే గోడమీదుగా జాహెదాను తొంగిచూశాడని మా వీధిలో చెప్పుకుంటారు. చెప్పుకునేవాళ్లలో మొదటివాణ్ణి నేనే.

అలాంటివాడు మాచర్ల దాకా నడుస్తానన్నాడు.

ఎనభై మూడులో, ఎండలు ముదరకముందు సంగతి. మాచర్ల అవతల ఒక పల్లెలో ఆడవాళ్లు మైళ్లకొద్దీ నడిచి నీళ్లు మోసుకుంటున్నారనీ, అక్కడ బోరింగు వేయించడానికి చందాల నడక పెడుతున్నామనీ కిరాణాకొట్టు నాగభూషణరావు బజార్లో చెప్పాడు. ఇమాం సాహెబ్ పంక్చరు వేస్తూ తలెత్తకుండానే, "మాచర్లెంత, శ్రీశైలమైనా నడుస్తా" అన్నాడు.

"నువ్వు నడిచి మాచర్లలో కాలు పెడితే నా చందా రెండింతలు, ఇమామూ" అన్నాడు నాగభూషణరావు. బజారంతా అదే పాట అందుకుంది. సాయంత్రానికి బోరింగు భారం సగం ఇమాం సాహెబ్ మోకాళ్లమీద పడింది.

మర్నాడు తెల్లవారుతుండగా కోటప్పకొండ రోడ్డున ప్రాక్టీసు మొదలుపెట్టాడు. ఊరు దాటేసరికి పిక్కలు పట్టేశాయి. ఎదురుగా చిన్నప్ప టీకొట్టు, దానిముందు బెంచీ. కూర్చున్నాడు. తర్వాత రోజూ అంతే. టీ, పునుగులు, లోకాభిరామాయణం. పొద్దెక్కాక చొక్కామీద నీళ్లు చిలకరించుకుని, ఆయాసపడుతూ ఇల్లు చేరేవాడు.

"ఏంది సాయిబూ, ఇయ్యాల ఏ ఊరు దాటావ్?" అనేవాడు చిన్నప్ప.

"ఎల్లమంద."

"బెంచీ కూడా నీతోపాటే దాటిందా?"

ఇంటిదగ్గర మాత్రం కథలకు కొదవలేదు. కొండమీది కోతి ఒకటి తనతో పందెం వేసి, సగం దారిలో రొప్పుతూ బస్సెక్కి పోయిందన్నాడు. జాహెదా నవ్వింది. నమ్మింది కూడా. కోతిని కాదు, నడకను.

అదే అతనికి కష్టమైంది. అంతకుముందు రోజూ పొద్దున్నే సైకిలుకు రెండు బిందెలు కట్టి నీళ్లు తెచ్చేది అతనే. "అంత దూరం నడిచొచ్చే మనిషివి, నీళ్లకు నేను పోతాలే" అంటూ ఆ పని ఆమె నెత్తినేసుకుంది. సాయంత్రం షాపు మూసి రాగానే గిన్నెలో నువ్వుల నూనె వెచ్చచేసి అతని అరికాళ్లకు రాసేది.

"ఒక్క పొక్కన్నా లేదు. అల్లా దయ" అంది ఒకరోజు.

ఆ నూనె నిప్పులా తగిలింది అతనికి. చెప్పేద్దామని నోరు తెరిచాడు.

"ఆ పల్లెలో ఆడోళ్లు నిజంగా అంత దూరం పోతారా నీళ్లకు?" అని ఆమె అడిగింది.

"పోతారంట."

"పాపం. వాళ్లకోసమన్నా నువ్వు బాగా నడవాల."

తెరిచిన నోరు మూసుకున్నాడు.

ఆ వారంలోనే వీధిలో బావి అడుగంటింది. ఆ సంగతి అతనికి తెలియదు. తెలియడానికి నీళ్లు తెచ్చేది అతను కాదుగా. మర్నాడు పొద్దున టీ గ్లాసు నోటిదగ్గర పెట్టుకోబోతూ రోడ్డు వైపు చూశాడు. పొలాల్లోని మోటారు బావినుంచి ఆడవాళ్లు బిందెలతో వస్తున్నారు. అందరికంటే వెనక, ఒక కాలు ఆచితూచి వేస్తూ జాహెదా. ఇమాం సాహెబ్ గ్లాసుతో సహా కొట్టుకు కట్టిన గోనెపట్టా వెనక్కి దూరాడు.

జాహెదా కొట్టుముందు ఆగి, బిందెను బెంచీమీద దించింది. అతను కూర్చున్నచోటే.

"అన్నా, మా ఆయన ఇటే పోయాడా?"

చిన్నప్ప గోనెపట్టా వైపు చూడకుండా ఉండటానికి చానా అవస్థపడ్డాడు. "పోయాడమ్మా."

"చానా దూరం పోయుంటాడా?"

"ఇప్పుడు ఆయనున్న చోటికి మనం పోలేంలే."

ఆమె కొట్లోని చెంబు అందుకుని, బిందెలోంచి నిండా నీళ్లు వంచింది. "తిరిగొచ్చేటప్పుడు ఈ నీళ్లియ్యి, అన్నా. గొంతెండిపోయి వస్తాడు." బిందె చంకనెత్తుకుని కుంటుకుంటూ వెళ్లిపోయింది.

ఇమాం సాహెబ్ బయటికొచ్చాడు. చెంబు వైపు చూశాడు.

చెంబు తీసుకుని, నీళ్లు తొణక్కుండా, ఆమె వెనక నడిచాడు. నడవటం అంటే అదే మొదలు. రోడ్డు మలుపులో అందుకుని, చెంబులో నీళ్లన్నీ మళ్లీ ఆమె బిందెలో పోశాడు.

"అప్పుడే తిరిగొచ్చావా?" అంది జాహెదా.

"నేను పోలేదు. ఒక్కరోజు కూడా పోలేదు. ఆ గోనెపట్టా ఎనకాలే ఉన్నా."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది అతనికి. అతని ముఖంలోకి చూసి, తర్వాత కాళ్లవైపు చూసింది. బిందె తీసి అతని భుజాన పెట్టింది.

"నడక ఇంకా ఎన్నాళ్లుంది?"

"వచ్చే శుక్రవారం."

"రేపట్నించి రెండు బిందెలు. సైకిలు లేకుండా."

ఆ పొద్దున ఇమాం సాహెబ్ బిందె మోస్తూ బజారు మధ్యలోంచి నడిచాడు. నాగభూషణరావు నవ్వాడు, నేనూ నవ్వాను. అతను తల దించుకునే పోయాడు.

సాయంత్రం జాహెదా నూనె గిన్నె తేలేదు. ఇమాం సాహెబే లేచి వెచ్చచేసుకొచ్చి ఆమె ముందు చతికిలబడ్డాడు.

"ఎవరన్నా చూస్తారు" అని ఆమె కాలు వెనక్కి లాక్కుంది.

"చూడనియ్యి."

మడమలో తుమ్మముల్లు విరిగి ఉంది. చుట్టూ వాచి, పాతబడింది. దీపం దగ్గరికి జరుపుకుని, పిన్నీసు విప్పాడు.