బావమరిది కొవ్వులో కిరణాలు

మా బావమరిదికి కొవ్వెక్కిందని ఇంట్లో ఎన్నోసార్లు అన్నాను. ఆ కొవ్వును నేనే తూచి, కరిగించి, యంత్రంలోకి ఎక్కించే రోజొస్తుందని మాత్రం అనుకోలేదు.

వాడికి మాంసం కొట్టుంది. ప్రతి పొట్లం మీదా ‘కిరణాలు తాకని తాజా మాంసం’ అని అచ్చు వేయిస్తాడు. నిల్వ ఉండాలని కిరణాలు పట్టించిన మాంసం తింటే ఎవరూ చావరు. కానీ పట్టించి, పట్టించలేదని అమ్మితే కొట్టుకు తాళం పడుతుంది. ఎవరో ఫిర్యాదు చేశారు, పొట్లం పరీక్షకని మా ల్యాబుకొచ్చింది. కిరణాలు తగిలాయో లేదో తేల్చే యంత్రం నడపడం వచ్చింది నాకొక్కడికే.

వాడు పొద్దున్నే వచ్చి ల్యాబు వరండా బెంచీ మీద కూర్చున్నాడు.

“కిరాణా కొట్టు పెట్టుకోరా అంటే విన్నావా? ఇప్పుడు చూడు, కిరణాల కొట్టయింది!” అన్నాను.

వాడు నవ్వలేదు. “సరుకు పంపేవాడు ఒట్టేసి చెప్పాడు బావా. నాకేం తెలుసు?”

కిరణాలు తగిలితే కొవ్వు విరిగి, అందులో ఒక కొత్త పదార్థం పుడుతుంది. వండితే పుట్టదు, గడ్డకట్టిస్తే పుట్టదు. అది ఉంటే యంత్రం తెర మీద గీత నిటారుగా లేస్తుంది. అయితే ముందు కొవ్వును కరిగించే ద్రావకాన్ని ఏమీ కలపకుండా ఉత్తగా ఎక్కించి చూడాలి. అందులోనూ గీత లేస్తే మురికి యంత్రంలోనే ఉన్నట్టు. ఇక ఆ రోజు పరీక్షలేవీ చెల్లవు.

ఇన్నేళ్లూ ఆ యంత్రాన్ని చంటిపిల్లలా కడిగి తుడిచినవాణ్ణి, ఆ పూట దాని ముందు నిలబడి మురికి కోసం మొక్కుకున్నాను. గీత లేవలేదు. మళ్లీ ఎక్కించాను. చాపలా పడుకునే ఉంది.

తరువాత వాడి మాంసం తాలూకు కొవ్వు ఎక్కించాను. లేచింది. సరిగ్గా లేవాల్సిన చోటే. ఇంకోసారి చేసినా అంతే.

మా పెద్ద మేడమ్ వెనకనుంచి తొంగి చూశారు. “ఉత్త ద్రావకం శుభ్రంగా వచ్చిందా?”

‘లేదు’ అంటే చాలు. గొంతు దాకా వచ్చింది కూడా.

“అద్దంలా వచ్చిందండీ.”

బయటికి వెళ్లాను. వాడు లేచి, నా మొహం చూసి మళ్లీ కూర్చున్నాడు.

“నాకు తెలియకుండా జరిగిందని అందులో కనబడదా బావా?”

“దానికి మాంసం సంగతే తెలుస్తుందిరా. నీ సంగతి తెలియదు.”

ప్రతిదానికీ ఓ చమత్కారం తగిలిస్తానని మా ఆవిడ విసుక్కుంటుంది. ఎంత వెతికినా ఒక్కటీ దొరకలేదు.

“పద, ఇద్దరం కలిసి మీ అక్కకి చెబుదాం.”

“నువ్వెళ్లు బావా,” అని లేచాడు. “అధికారులొచ్చి కొట్టు మూయకముందే నేను మూసేసి వస్తాను.”