తొక్కినకాడ ఉండు

నెల రోజులుగా డ్రైవరు సమాధానం కుడికాలు అతని మాట వినడం లేదు. అన్నం తింటున్నా, చర్చిలో కూర్చున్నా ఉన్నట్టుండి నేలను గట్టిగా నొక్కుతుంది. లేని బ్రేకును వెతుక్కుంటుంది.

అతను నడిపేది మిషన్ ఆసుపత్రి జీపు. పోయిన నెల కాలవ దాటే బల్లకట్టు మీద జీపు ఆగకుండా జారి, ముందు చక్రాలు నీళ్లలోకి వేలాడాయి. దాన్ని వెనక్కి లాగేసరికి పొద్దు వాలింది. అవతల జీపు కోసం కాచుకున్న బాలింత ఆదిశేషమ్మ అప్పటికే పోయింది. ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. తిరిగి చెప్పుకోడానికి ఏదో ఒకటి ఉండేది.

యుద్ధం నాటి జీపు అది. బ్రేకులు మొదటే చిన్నవి, ఉప్పునీళ్లూ ఇసుకా తగిలి మరీ నీరసించాయి. డాక్టరుగారిని బతిమాలి, మద్రాసు పాతసామాన్ల బజారు నుంచి పెద్ద బండి తాలూకు బ్రేకులు, డ్రమ్ములతో సహా తెప్పించాడు. నెల్లూరు మెకానిక్ పరంజ్యోతి నాలుగు చక్రాలకూ వాటిని అమర్చాడు. ఇక గొట్టాల్లో గాలి తీయడమే మిగిలింది. పరంజ్యోతి చక్రం పక్కన పడుకుని చిన్న మర వదులు చేస్తాడు. అది మళ్లీ బిగించేదాకా సమాధానం సీట్లో కూర్చుని పెడలు తొక్కిపట్టాలి. ముందే కాలు తీస్తే పోయిన గాలి తిరిగి లోపలికొస్తుంది.

"తొక్కన్నా... ఉండు!"

సమాధానం కాలు తీశాడు.

"ఏందన్నా! ఉండు అంటే తీసేస్తివే!"

"ఉండమంటే ఆపమనే గదా?"

"తొక్కినకాడ ఉండు అని! పేరుకే సమాధానానివి, నీతో అన్నీ ప్రశ్నలే గదన్నా."

మళ్లీ మొదటి నుంచి. రెండోసారీ అదే తప్పు. మూడోసారికి కాలు నేర్చుకుంది. పెడలు రాయిలా గట్టిపడింది. ఆసుపత్రి ఆవరణలో వేగంగా పోనిచ్చి తొక్కితే జీపు మేకు దిగేసినట్టు నిలిచింది. ఆరోజు అన్నం దగ్గర కాలు కదలలేదు.

మూడోనాడు పొద్దున్నే కబురొచ్చింది. కాలవ అవతల, మూడు మైళ్ల ఇసుక దాటాక ఉన్న పాలెంలో నరసయ్య భార్య పేరమ్మ నిన్నటి నుంచి నొప్పులు పడుతోంది. బిడ్డ అడ్డం తిరిగింది. ఆసుపత్రికి తెస్తేనే దక్కుతుంది. ఆ ఇసుకలో నడిచేది ఈ జీపొక్కటే.

రేవులో నర్సు మగ్దలీనమ్మ దిగింది. పోయిన నెల నుంచి బల్లకట్టు ఎక్కేటప్పుడు జీపులో డ్రైవరు తప్ప ఎవరూ ఉండకూడదు. వానలకు కాలవ నిండుగా, వడిగా పారుతోంది. బల్లకట్టు నడిపే చిన్నపోలయ్య గట్టున నిలబడి, దానికి కట్టిన మోకును గట్టు మీది గుంజకు ఒక చుట్టు వేసి కొన చేత్తో పట్టుకున్నాడు.

"చక్రాలకు అడ్డం మొద్దులు పెట్టేదా అన్నా?"

"అక్కర్లేదు. కొత్త బ్రేకులు."

"అయితే ఈసారి చేపల్ని పలకరించేదానికి పోవు!"

మాట చురుక్కుమంది. అందుకేనేమో, కావలసినదానికన్నా కాస్త వేగంగా ఎక్కించాడు. బల్లల నడుమకు రాగానే తొక్కాడు. జీపు అంగుళం జారలేదు. ఆ ఊపంతా బల్లకట్టుకు తగిలి, జీపును మోసుకుని అదే ముందుకు దూకింది. మోకు బిగిసి గుంజ మీద కిర్రుమంది.

"ఉండు! ఉండు!" అని అరిచాడు సమాధానం. పట్టుకున్నకాడ ఉండు అని.

బలంగా లాగుతున్న చిన్నపోలయ్య టక్కున ఆపేశాడు. చేతులు వదులయ్యాయి. మోకు గుంజ చుట్టూ తిరిగి నీళ్లలో పడింది.

తోసే గడ గట్టు మీదే ఉండిపోయింది. బల్లకట్టు మెల్లగా తిరుగుతూ పోయి కాలవ నడుమ అడుసు మేటలో కూరుకుంది. సమాధానానికి ఈత రాదు. మగ్దలీనమ్మ చేపల పడవలో అవతలికి దాటింది. అక్కడ జీపు కోసం నిలబడిన నరసయ్య ఆమె సంచి అందుకుని ఇసుకలో పరుగులాంటి నడక అందుకున్నాడు. సరుగుడు చెట్ల వెనక ఇద్దరూ కనబడకుండా పోయారు. కదలని బండిని సమాధానం ఇంకా ఆపుతూనే ఉన్నాడు. తను అరిచిన మాటలో తప్పు లేదు. విన్నవాడి చెవిలోనూ తప్పు లేదు. ఎటు తిరిగినా పట్టుకోడానికి ఒక తప్పు దొరకలేదు.

పడవలు కట్టి బల్లకట్టును అవతలి గట్టుకు లాగేసరికి మధ్యాహ్నం దాటింది. నర్సు, నరసయ్య అప్పటికే తిరిగొచ్చి ఉన్నారు.

"తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు" అంది మగ్దలీనమ్మ.

నరసయ్య జీపు దగ్గరకొచ్చి తలుపు లేని ఆ పక్కన చెయ్యి ఆనించాడు. "నేను ఈడ నుంచి చూస్తానే ఉన్నా గదన్నా. బండి బాగానే నిలిచింది. నీ తప్పేముండాది?"

"దిగన్నా" అన్నాడు చిన్నపోలయ్య.

దిగాలనే అనుకున్నాడు సమాధానం. కాలు తొక్కినకాడనే ఉంది.