నార్వే చలికి పరీక్ష

పర్చూరులో సోషలు పాఠాలు చెప్పే జక్రయ్య మేష్టారింటికి 1988 సెప్టెంబరులో నార్వే నుంచి ఉత్తరం వచ్చింది. రాసింది ఇంగ్రిడ్ సిస్టరు. ఒకప్పుడు ఆమె ఇక్కడి మిషను ఆసుపత్రిలో నర్సు. మేష్టారి భార్య రెబ్కా పదేళ్ళు ఆమె పక్కనే పనిచేసింది.

"జనవరిలో మా ఊరు రండి. రాత్రి ఆకాశంలో రంగులై ఆడే ధ్రువజ్యోతులు చూపిస్తాను. కానీ ఒక్కరికే టిక్కెట్టు పంపగలను. ఎవరొస్తారో మీరే తేల్చుకోండి."

తేల్చుకోవడానికేముంది? ఇరవై రెండేళ్ళుగా ఆ జ్యోతుల గురించి క్లాసులో చేతులూపుతూ చెబుతున్నది మేష్టారే.

"నేనే వెళ్ళొస్తాను. ఆ చలికి నువ్వు తట్టుకోలేవు," అన్నాడు.

రెబ్కా సరేనంది. ఆమెకు ఒక్కటే సందేహం. "జనవరిలో అక్కడ పొద్దే పొడవదంటున్నారు. మరి ఉతికిన బట్టలు ఎక్కడ ఆరేస్తారండీ?"

మేష్టారు వినిపించుకోకుండా స్వెట్టర్లు వెతకడానికి లేచాడు.

ఎందుకైనా మంచిదని పాస్‌పోర్టుకి ఇద్దరూ అర్జీ పెట్టారు. ఇంట్లో రెండు స్వెట్టర్లు, ఒక మంకీ క్యాపు, గొంగళి పోగుపడ్డాయి. అంతా బాగానే ఉంది గానీ, అక్కడ నీళ్ళు బకెట్లోనే గడ్డకడతాయని సిస్టరు ఇంకో ఉత్తరంలో రాసేసరికి మేష్టారి గుండెల్లో రాయి పడింది.

"ముందే అలవాటు చేసుకోవాలి," అని ఒక శనివారం రెబ్కాను వెంటబెట్టుకుని వాడరేవు బస్సెక్కాడు. అక్కడ చేపల పడవలకు ఐసు అమ్మే ఫ్యాక్టరీకి హయాత్ మేనేజరు. మేష్టారి పాత శిష్యుడు.

"ఏంది మేష్టారూ, ఇంత ఎండలో మంకీ క్యాపు?"

"నార్వే పోతన్నా. మీ ఐసు గదిలో ఓ అరగంట కూర్చోనీరా."

హయాత్ నవ్వాపుకుని తలుపు తీశాడు. మేష్టారు స్వెట్టర్లు రెండూ తొడుక్కుని, గొంగళి కప్పుకుని లోపలికి నడిచాడు. ఆయన్ని కనిపెట్టుకుని ఉండడానికని రెబ్కా నేతచీర కొంగు భుజాన కప్పుకుని వెనకే వెళ్ళింది.

అయిదు నిమిషాలకు మేష్టారి ముక్కు కారింది. ఎనిమిదికి పళ్ళు టకటకలాడాయి. పదో నిమిషంలో ఆయన తలుపు తోసుకుని బయటికి ఉరికి, ఇసకలో ఆరబోసిన చేపల పక్కన ఎండలో కూలబడ్డాడు.

రెబ్కా మాత్రం రాలేదు. హయాత్ కంగారుపడి తలుపు తీసి చూశాడు. ఆమె గోనెసంచి మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

"తలుపెయ్యి నాయనా, చల్లదనమంతా పోద్ది. రెండేళ్ళ నుంచీ ఒళ్ళంతా ఒకటే ఆవిర్లు. ఇంత హాయి ఎప్పుడూ ఎరగను."

అరగంట పూర్తయ్యాకే లేచింది.

తిరుగు బస్సులో మేష్టారు దారిపొడవునా తుమ్ముతూనే ఉన్నాడు. మూడోరోజు అట్లాసు తెచ్చి ఆమె ముందు పరిచాడు.

"నువ్వే వెళ్ళు."

"పాఠం చెప్పేది మీరు గదండీ?"

"చెప్పడం వేరు, నిలబడి చూడడం వేరు. నీకు ఆ ఓపికుంది. ఇటు కూర్చో, దారి చెప్తాను."

జనవరిలో మద్రాసు దాకా వెళ్ళి ఆయనే విమానం ఎక్కించాడు.

మూడు వారాలకు రెబ్కా తిరిగొచ్చింది. చెంపలు ఎర్రబారి ఉన్నాయి. కాళ్ళు కడుక్కోక ముందే మేష్టారు పట్టుకున్నాడు.

"కనబడ్డాయా?"

"తొమ్మిది రోజులు మబ్బేనండీ. పదోనాడు సిస్టరు కేకేసింది. ఆకాశమంతా పచ్చటి చేను గాలికి ఊగినట్టు ఊగింది. చప్పుడే లేదు. నాకు ఏడుపొచ్చింది. సిస్టరు కూడా ఏడ్చింది."

మేష్టారు ఈర్ష్య పడదామనుకున్నాడు గానీ, ఆమె మొహం చూస్తే అది కలగలేదు.

"ఈసారి మిమ్మల్ని పంపమంది. జూన్‌లో. చలుండదట."

"జూన్‌లో అక్కడ పొద్దే గుంకదు. ఇక జ్యోతులేం కనబడతాయి?"

"అదే అన్నానండీ. మీ ఇష్టమంది."

మేష్టారు కలం మూత తీశాడు. గుంకని పొద్దయినా సరే, తప్పకుండా చూస్తానని సిస్టరుకి రాశాడు.