చుక్కలు పోయిన మాట

కువైట్‌లోని ఫహాహీల్ మార్కెట్ వెనక సందులో ఉన్న ఒక చిన్న ప్రెస్‌లో షహర్‌బాను పేజీలు కూర్చే పని చేసేది. సొంతూరు రాయచోటి. పెళ్ళికి ముందు అక్కడే ఒక డీటీపీ సెంటర్లో శుభలేఖలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు టైపు చేసేది. కువైట్ వచ్చాక ఇంగ్లీషు, కొంచెం అరబ్బీ చేతికి పట్టుబడ్డాయి. జర్మన్ మాత్రం ఎప్పుడూ ఆమె దాకా రాలేదు.

దాన్ని రెడ్డెమ్మ తీసుకొచ్చింది. రెడ్డెమ్మది రాయచోటి పక్క పల్లె. ఫింటాస్‌లో ఒక జర్మన్ ఇంజనీరు ఇంట్లో చాలా ఏళ్ళుగా పని చేస్తోంది. ఆ ఇంజనీరు మార్టిన్ డ్యూటీలో ఉండగానే గుండె ఆగి పోయాడు. శవాన్ని వాళ్ళ దేశానికి పంపేశారు. ఇక్కడి స్నేహితులంతా కలిసి ఒక సంతాప సభ పెట్టాలనుకున్నారు. అందులో పంచడానికి చిన్న పుస్తకం కావాలని మార్టిన్ భార్య ఉర్సులా అనుకుంది. ఇక్కడ ఇళ్ళలో పనిచేసేవాళ్ళు యజమానురాలిని మామా అనే పిలుస్తారు. "మా బాను ప్రెస్సులో ఉండాది మామా, బాగా చేస్తాది" అని చెప్పి, వాళ్ళమ్మాయి ఫ్రీడాను రెడ్డెమ్మే వెంటబెట్టుకొచ్చింది.

ఫ్రీడాకు పదహారేళ్ళుంటాయి. కళ్ళు వాచి ఉన్నాయి. అందరూ రాసిన మాటల్ని తనే పోగుచేసి ఫోన్లో పెట్టుకొచ్చింది. వాటిని తెచ్చి పేజీలో అతికించగానే చాలాచోట్ల అక్షరాలకు బదులు ప్రశ్నార్థకాలు వచ్చాయి. ప్రెస్‌లో సాఫ్ట్‌వేర్ పాతది, పైగా ఆ కంప్యూటర్ను అరబ్బీ కోసం అమర్చారు. తల మీద రెండు చుక్కలుండే జర్మన్ అక్షరాలు దానికి తెలియవు.

"వీటిని చేత్తోనే కొట్టాలి. నువ్వు చెప్తూ ఉండు" అంది షహర్‌బాను ఇంగ్లీషులో.

ఆల్ట్ నొక్కిపట్టి పక్కనున్న అంకెల మీద 0228 కొడితే చుక్కల ఏ వస్తుంది. 0246కు చుక్కల ఓ, 0252కు చుక్కల యూ. కీబోర్డును ఇంగ్లీషులోకి మార్చడం మరిచిపోతే అదే 0228కి అరబ్బీ నూన్ అక్షరం వచ్చి కూర్చునేది. మొదటిసారి అలా వచ్చినప్పుడు ఫ్రీడా నవ్వింది. నవ్వినందుకు తనే ఉలిక్కిపడినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఇద్దరూ ఒక్కో ప్రశ్నార్థకం దగ్గరా ఆగి, ఏ అక్షరమో చూసుకుని, సరిచేసుకుంటూ పోయారు. చివరి పేజీ ఫ్రీడా వాళ్ళ నాన్నకు రాసుకున్నది. అక్కడికి వచ్చేసరికి ఆ పిల్ల చదవడం మానేసింది. వేలు పెట్టి చూపించింది, అంతే.

పేజీలన్నీ అయ్యాక షహర్‌బాను వాటిని ప్రెస్ ఫోన్ నుంచి ఫ్రీడా ఫోన్‌కు పంపింది. మర్నాడు పొద్దున ఓకే అని జవాబొచ్చింది.

చిక్కు అచ్చు యంత్రం దగ్గర వచ్చింది. దాని పక్కనున్న కంప్యూటర్ ఇంకా పాతది. ఫైలు తెరిస్తే చుక్కల అక్షరాలన్నీ ఖాళీ డబ్బాలుగా కనబడ్డాయి. దానిలో ఉన్న ఫాంటులో ఆ అక్షరాలు లేవు. అక్షరాలన్నిటినీ బొమ్మల్లాగా గీతలుగా మార్చి పంపితే ఏ కంప్యూటరైనా వాటిని ఉన్నవున్నట్టు అచ్చు వేస్తుంది. ఆ సంగతి షహర్‌బానుకు తెలుసు. కానీ ప్రతి పేజీనీ మళ్ళీ తెరిచి చెయ్యాలి.

మేనేజర్ దావూద్ హైదరాబాదువాడు. అప్పటికే ఒక రెస్టారెంటు మెనూ కార్డుల కోసం సాల్మియా నుంచి మనిషి వచ్చి కూర్చున్నాడు.

"ఏంది బానూ, ఇంకా కాలేదా?"

"డబ్బాలు వస్తాండాయి దావూద్ భాయ్. గీతలుగా మార్చి తెస్తా. కొంచేపు పడుతుంది."

"కొంచేపు ఎక్కడిది? ఆ చుక్కలు తీసెయ్. చుక్కలు లేకుంటే ఎవడు చదవలేడు? యల్లా, జల్దీ."

"అవి వేరే అక్షరాలు భాయ్..."

"అరే, చావు పుస్తకం. ఏడుస్తరా, చుక్కలు లెక్కపెడ్తరా?"

ఆయన వచ్చి ఆమె కుర్చీ వెనకే నిలబడ్డాడు. షహర్‌బాను తన కంప్యూటర్లో ఫైలు తెరిచింది. చుక్కలున్న అక్షరాలన్నిటి చోటా మామూలు అక్షరాలు పెట్టమని సాఫ్ట్‌వేర్‌కు తనే చెప్పింది. పని కనురెప్పపాటులో అయిపోయింది. ఫ్రీడాకు మళ్ళీ పంపి చూపించాలన్న ఆలోచన ఒకటి వచ్చింది. వచ్చినదాన్ని పక్కకు తోసేసి మెనూ కార్డులు తెరిచింది.

సభ అయిన మర్నాడు ఉర్సులా ప్రెస్‌కు వచ్చింది. పొడుగాటి మనిషి, నల్లబట్టలు. పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, ఇది మా భాషేనా అని అడిగింది. గొంతు పెంచలేదు. కూతురు రాసిన పేజీ చదివి వెనక వరసలో ఎవరో నవ్వారని, ఆ పిల్ల లేచి బయటికి వెళ్ళిపోయిందని చెప్పింది.

దావూద్ ఏమాత్రం తొణకలేదు. "మేడమ్, మీ అమ్మాయికి పేజీలన్నీ పంపినం. ఆమె చూసి ఓకే అన్నది. ఇగో మెసేజు" అని ప్రెస్ ఫోను చూపించాడు.

ఉర్సులా ఆ ఒక్క మాటనూ చాలాసేపు చూసింది. తర్వాత షహర్‌బాను వైపు తిరిగింది. "నా కూతురు చూసిందా?"

"చూసింది, మేడమ్" అంది. అది అబద్ధం కాదు. నిజమూ కాదు. ఉర్సులా పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

శుక్రవారం రెడ్డెమ్మ సెలవు తీసుకుని షహర్‌బాను వాళ్ళ గదికి వచ్చింది. చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది.

"ఏం పుస్తకం చేసినావో ఏమో మే, ఇంట్లో పీనుగ లేచినప్పుడు గూడా ఇంత లేదు. ఆ పాప తలుపేసుకుని కూచోనుండాది. కూడు ముట్టడంలే. వాళ్ళమ్మ ఒగటే మాట అన్నింది, మీ నాయనకు చేసే ఆఖరి పని గూడా కండ్లు తెరిచి చెయ్యల్యాకపోతివి అని. పాప ఎదురు చెప్పల్యా. నేనే సరిగ్గా చూల్యా రెడ్డెమ్మా, ఏడుస్తా ఓకే కొట్టినా అంటాది."

"ఫోన్లో మళ్ళా చూసుకోలేదా అక్కా?"

"దాన్ని తెరవాలంటేనే భయపడతాండాది. ఎట్ల చూస్తాది?"

షహర్‌బాను చేతిలో ఉన్న టీ గ్లాసు కింద పెట్టింది. జరిగిందంతా చెప్పింది. రెడ్డెమ్మ వింటూ వింటూ ముఖం అటు తిప్పుకుంది.

"నిన్ను నమ్మి తెచ్చినా గదే" అంది చివరికి.

షహర్‌బాను భర్త అబ్బాస్ డెలివరీ వ్యాను నడుపుతాడు. గోడకానుకుని అంతా విన్నాడు. "ఇప్పుడు పోయి చెప్తే దావూద్ ఊరుకోడు. ఈ దేశంలో ఉండేదానికి నీ ఇఖామా ఆ ప్రెస్సు మిందనే ఉండాది. మనం బతకాలి గదా" అన్నాడు. కోపంగా అనలేదు. అతను అన్నది సబబే. అయినా షహర్‌బాను లేచి అబాయా వేసుకుంది. అతను ఆపలేదు, వ్యాను తాళాలు తీసుకుని తనే ఆమెనూ రెడ్డెమ్మనూ ఫింటాస్ దాకా దించాడు. లోపలికి మాత్రం రాలేదు.

ఉర్సులా తలుపు తీసింది. షహర్‌బాను గడప దగ్గరే నిలబడి, "మీ అమ్మాయి చూసిన పేజీల్లో చుక్కలన్నీ ఉన్నాయి మేడమ్. ఆమె ఓకే అన్నాక నేను తీసేశాను. తిరిగి చూపించలేదు. ఆరోజు మీరు అడిగినప్పుడు ఈ మాట చెప్పలేదు" అంది. దావూద్ తీసెయ్యమన్నాడని కూడా చెప్పింది. కానీ తీసింది నా చెయ్యే అంది.

లోపలి గది తలుపు తెరుచుకుంది. ఫ్రీడా బయటికి వచ్చింది, జుట్టు దువ్వుకోలేదు.

"నేను చూసినప్పుడు సరిగ్గానే ఉందా?"

"అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఫోను తెరిచి చూడు."

ఫ్రీడా ఫోను తెచ్చుకుంది. చివరి పేజీ దగ్గర ఆగి, వేళ్ళతో పెద్దది చేసి చూసింది. ఆ తర్వాత ఫోన్ను తల్లి ముందు పెట్టింది. అందులోని ఒకే ఒక్క మాటను వాళ్ళ భాషలో పైకి చదివింది. ఉర్సులా ముఖం పాలిపోయింది.

"అందులో ఏముందో నీకు తెలుసా?" అని ఫ్రీడా షహర్‌బానును అడిగింది. తెలియదన్నట్టు ఆమె తల ఊపింది.

"ద్రుకెన్ అంటే అచ్చు వెయ్యడం. యూ మీద రెండు చుక్కలు పెడితే అది ద్ర్యుకెన్. అంటే..." ఇంగ్లీషు మాట కోసం వెతుక్కుంది. దొరకలేదో, చెప్పలేకపోయిందో. వంటింటి గుమ్మంలో నిలబడ్డ రెడ్డెమ్మ దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ ఆమె చుట్టూ వేసి గట్టిగా అదుముకుంది. "అంటే ఇది."

"చిన్నప్పటినించి అనే మాటే గదా పాపా" అంది రెడ్డెమ్మ తెలుగులో, ఆ పిల్ల వీపు నిమురుతూ.

నాన్నా, నిన్ను గట్టిగా హత్తుకుంటున్నాను అని రాసుకుంది ఆ పిల్ల. నాన్నా, నిన్ను అచ్చు వేస్తున్నాను అని జనం చదివారు.

ఉర్సులా కూతురి దగ్గరికి నడిచి, తాకాలో వద్దో తెలియనట్టు ఒక్క క్షణం ఆగి, తల మీద చెయ్యి వేసింది. ఫ్రీడా ఆ చేతిని తోసెయ్యలేదు, దగ్గరికీ జరగలేదు. ఉర్సులా షహర్‌బాను వైపు చూడకుండానే, "నువ్వు ఇక వెళ్ళు" అంది.

ఆదివారం దావూద్‌కు ఉర్సులా నుంచి ఫోను వచ్చింది. ఆయన అరవలేదు. షహర్‌బానును కంప్యూటర్ ముందు నుంచి లేపి కాగితాలు మడిచే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఆమె సీట్లోకి కేరళ అబ్బాయి ఒకడు వచ్చాడు. ఇఖామా గడువు దగ్గరపడ్డాక, "ఖలాస్ బానూ, వీసాకు ఇంకో కఫీల్‌ను చూసుకో. వేరే చోట చేరనీకి రిలీజ్ ఇస్త, అదే ఎక్కువ" అన్నాడు.

ఎండాకాలం మొదలవకముందే ఉర్సులా, ఫ్రీడా జర్మనీ వెళ్ళిపోయారు. ఫ్రీడా ఆ పుస్తకాన్ని అక్కడ మళ్ళీ వేయిస్తుందని రెడ్డెమ్మ ఫోన్లో చెప్పింది. రెడ్డెమ్మ ఇప్పుడు వేరే మామా ఇంట్లో ఉంది. అక్కడ పని ఎక్కువ, ఫోను పట్టుకుంటే ఒప్పుకోరు. మాట్లాడిన కాసేపట్లో ఆ పుస్తకం ఊసు అంతకు మించి ఎత్తలేదు. మునుపటిలా మే అని కూడా పిలవలేదు.

సాల్మియాలో ఒక బోర్డులు రాసే షాపువాళ్ళు రమ్మన్నారు. పొద్దున్నే అక్కడికి తీసుకెళ్తూ వ్యాను నడుపుతున్న అబ్బాస్ అడిగాడు, "ఇంకోసారి ఇట్ల జరిగితే మళ్ళా పోయి చెప్తావా?"

షహర్‌బాను కిటికీలోంచి సముద్రం వైపు చూస్తోంది.

"వాళ్ళింటికి పోయే దాకా రానియ్యను" అంది. "దావూద్ భాయ్ నా వెనక నిలబడ్డాడు చూడు, అప్పుడే కాదని చెప్పాల్సింది."