వదిన ఇవ్వనంది

కౌంటరు దగ్గర నిలబడి సరుకులు అమ్మినందుకు ఆ కొట్టులో ఆమెకి జీతం. వరసలు కలిపినందుకు ఎవరూ ఏమీ ఇవ్వలేదు. అయినా వీధిలో సగం మంది ఆమెకి చుట్టాలే. రిటైరైన బస్సు కండక్టరు ఆమెకి అత్త. మలుపులో బైకులు బాగుచేసే మెకానిక్ భార్యని మొదట్లోనే చెల్లీ అని పిలిచింది కాబట్టి మెకానిక్ మరిది అయ్యాడు, ఆమె అతనికి వదిన అయింది. అతన్ని చూసి మిగతావాళ్ళూ వదిన అనడం మొదలుపెట్టారు. లెక్కప్రకారం కండక్టరత్త మెకానిక్‌కి పెద్దమ్మ కావాలి గానీ, అతను ఆమెని పెద్దక్కా అంటాడు. ఆ లెక్క ఎవరూ సరిచూడలేదు.

వరస ఉంటే నోటికి హక్కు వస్తుంది. "తిండి మానేశావా ఏంటే, గాలేస్తే ఎగిరిపోయేట్టున్నావు" అని అత్త అంటుంది. "కోడల్ని సాధించకపోతే నీకు ముద్ద దిగదు కదా" అని వదిన అంటుంది. క్యూలో ఉన్నవాళ్ళు ఎవరి పక్షం వాళ్ళు తీసుకుంటారు.

ఒక ఏడాది మెకానిక్ ఊపిరితిత్తులు పాడై ఆస్పత్రిలో పడ్డాడు. అతను ఇంటికొచ్చిన మర్నాడు భార్య కౌంటరు దగ్గరికి వచ్చింది.

"అక్కా, నా మాట వినడు. నీ చేత్తో మాత్రం సిగరెట్లు ఇవ్వకు."

"ఇవ్వను పో" అంది వదిన.

మాట మీద నిలబడింది. మెకానిక్ పొద్దున్నే వచ్చి చెయ్యి చాపేవాడు. ఆమె ఆ చేతిలో బిస్కట్ల ప్యాకెట్టు పెట్టేది. "నువ్వు వదినవి కాదు, జైలరువి" అని గొణుక్కుంటూ పోయేవాడు.

తర్వాత కొట్టు చేతులు మారింది. ఒక కంపెనీ కొన్నది. టై కట్టుకుని ఏరియా మేనేజరు దిగాడు. ఇకమీదట మగవాళ్ళు సర్, ఆడవాళ్ళు మేడమ్ అన్నాడు. ఏ సరుకు అడిగినా దాని మీద ఉన్న ఆఫర్ నోటితో చెప్పాలి. అత్తలూ బాబాయిలూ ఇంటి దగ్గర.

మొదటి వారంలోనే ఆమె "అత్తా" అనడం అతని చెవిన పడింది. "ఇంకోసారి వింటే ఇక్కడ వేరే మనిషి నిలబడుతుంది" అన్నాడు. ఇంట్లో జీతం తెచ్చేది ఆమె ఒక్కతే. నోరు కట్టేసుకుంది.

"మేడమ్, సబ్బులు మూడు కొంటే ఒకటి ఉచితం."

కండక్టరత్త వెనక ఎవరైనా వచ్చారేమోనని తిరిగి చూసింది. "ఎవరే మేడమ్? అన్నేళ్ళు బస్సులో టికెట్లు కొట్టాను. తిట్టినవాళ్ళున్నారు గానీ ఇంత మాట ఎవరూ అనలేదు."

మేనేజరు అక్కడే ఉన్నాడు. వదిన నవ్వు మింగేసింది.

మెకానిక్ మాత్రం కిటుకు కనిపెట్టాడు. "నేనిప్పుడు సర్ కదా? అయితే సర్‌కి ఒక సిగరెట్ ప్యాకెట్టు."

ఆమె కళ్ళతోనే వద్దంది. అతను చూడనట్టు నటించాడు. అవతల మేనేజరు చేస్తున్న పని ఆపి చూస్తున్నాడు.

"సర్, రెండు కొంటే లైటర్ ఉచితం." ఆ మాట తన నోట్లోంచే వచ్చింది.

"భలే. రెండూ ఇవ్వు."

ఇచ్చింది.

మర్నాడు అతని భార్య వచ్చి లైటర్‌ని కౌంటరు మీద పెట్టింది. "ఇది మీ కొట్టులోదేనా మేడమ్?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

ఆ రోజు ఇంట్లో వదిన కూర మాడబెట్టింది.

తర్వాత మెకానిక్ వచ్చేసరికి కొట్టు రద్దీగా ఉంది. మేనేజరు కూడా ఉన్నాడు. మెకానిక్ నవ్వుతూ సిగరెట్ల అర వైపు వేలు చూపించాడు.

"ఇవ్వను" అంది వదిన.

"సర్‌ని పట్టుకుని ఇవ్వనంటావేంటి?"

"సారువైతే నీ షెడ్డులో. ఇక్కడ నువ్వు మా చెల్లెలి మొగుడివి. మొన్న ఇచ్చినందుకే నా చెంప నేను వాయించుకోవాలి. జరుగు మరిదీ, వెనకాల జనం ఉన్నారు."

మేనేజరు వచ్చాడు. "చూడమ్మా, కస్టమర్ అడిగింది ఇవ్వననే అధికారం మీకు లేదు. ఎవరిచ్చారు?"

"కంపెనీ ఇవ్వలేదు. వాళ్ళావిడ ఇచ్చింది."

"ఆమెని అమ్మా అన్నావుగా నాయనా" అంది క్యూలోంచి కండక్టరత్త. "నీక్కూడా వరస కలిసిపోయింది."

క్యూ అంతా నవ్వింది. మేనేజరు మెకానిక్ వైపు తిరిగాడు. "సర్, ఈవిడ మీతో అమర్యాదగా ప్రవర్తించారు. అవునని ఒక్క మాట చెప్పండి చాలు. మిగతాది నేను చూసుకుంటాను."

నవ్వు ఆగిపోయింది. ఆ మిగతాది ఏమిటో అక్కడ అందరికీ తెలుసు.

మెకానిక్ అరలో ఉన్న ప్యాకెట్ల వైపు చూశాడు. వదిన వైపు చూశాడు. ఆమె చూపు దించలేదు.

"చెప్పు మరిదీ, నిజమే చెప్పు. ఇవ్వనన్నాను. ఇకముందూ ఇవ్వను."

మెకానిక్ గ్రీజు చేత్తో మెడ గోక్కున్నాడు. "అమర్యాదంటే రోజూ చేస్తుందండీ. అన్నం తింటున్నా ఈవిడ తిట్లే చెవిలో మోగుతుంటాయి."

"అయితే కంప్లైంటేగా?"

"మా వదిన తిడుతుంది, నేను పడతాను. నీకు కంప్లైంటు ఇవ్వడానికి నువ్వు మాకేమవుతావు?"

"కంప్లైంటు లేకపోయినా నేను విన్నాను" అన్నాడు మేనేజరు. "పైకి చెబుతాను."

"చెప్పు బాబూ" అంది వదిన. "అత్త, మరిది, చెల్లెలు, ఒక్కరినీ వదలకుండా చెప్పు. వేరే మనిషి వచ్చి నిలబడేదాకా ఈ కౌంటరులో నా మాటే చెల్లుతుంది."

మేనేజరు ఫోను చెవిన పెట్టుకుని బయటికి నడిచాడు. వదిన బిస్కట్ల ప్యాకెట్టు తీసి మెకానిక్ ముందు పడేసింది. అతను దాన్ని జేబులో కుక్కుకుని గడప దిగి, షెడ్డు ఉన్న వైపు కాకుండా రెండో వైపు తిరిగాడు.

"అటెక్కడికి?"

"ఊరికే. గాలికి."

"సందు చివర బడ్డీ ఆయనకి పొద్దున్నే చెప్పి వచ్చాను. నాకు అన్నయ్య వరస. ఆయనా ఇవ్వడు."

మెకానిక్ నడిరోడ్డు మీద ఆగిపోయి ఆమెని బూతు ఒక్కటే తక్కువన్నట్టు తిట్టాడు. వదిన అంతకంటే పెద్ద గొంతుతో తిరిగి తిట్టింది. ఫోనులో మాట్లాడుతున్న మేనేజరు రెండో చెవి మూసుకున్నాడు.