కూతురి చేతికింద

ఇరవై ఏళ్లు మగ్గం మీద కూర్చుని నేసిన మనిషి, తొమ్మిదేళ్ల కూతురి చేతికింద పని నేర్చుకోవడానికి బయల్దేరడం ఆ వీధివాళ్లకు కొత్త. అందుకే ఆ ఉదయం ప్రతి గుమ్మంలోనూ ఒక మొహం వెలసింది.

"ఏం కునుకాయనా, పిల్లను దిగబెట్టడానికా?" అన్నాడు ఎదురింటి వడ్రంగి, సంగతంతా తెలిసే.

"పిల్లే నన్ను దిగబెడుతోంది లేవయ్యా," అని ఆయన ముందుకు సాగాడు. పిల్ల మాత్రం నాలుగడుగులు ముందే ఉంది. దాన్ని అందరూ పిచ్చుక అంటారు. నడవడం దాని ఒంట్లో లేదు, ఉన్నదంతా గెంతడమే.

ఆయనకు కునుకాయన అన్న పేరు ఊరికే రాలేదు. సొంత మగ్గం ఆడిన రోజుల్లో ఆయన తన పనికి తానే రాజు. కిటికీలోంచి ఎండ మగ్గం మీద పడ్డాకే కూర్చునేవాడు. భోజనమయ్యాక గంటసేపు కునుకు తీసేవాడు. ఎవరైనా పలకరిస్తే పోగును ఆడించే నాడె పక్కన పెట్టి లోకాభిరామాయణం మొదలుపెట్టేవాడు. బట్ట కోసం బేరగాడు వచ్చి గుమ్మంలో చతికిలబడితే అప్పుడు చూడాలి ఆ చేతుల వేగం!

అంతలో మిల్లు బట్ట వచ్చింది. "అది బట్టా? గంజిలో ముంచిన కాగితం," అని ఏడాదిపాటు వెక్కిరించాడు. ఆ ఏడాదిలోనే బేరగాడు రావడం మానేశాడు. మిల్లువాళ్లు చిన్న చిన్న వేళ్లున్న పిల్లల కోసం వెతుకుతున్నారని విని, నాలుగు నెలల ముచ్చటే కదా అని పిచ్చుకను అప్పటికే అక్కడ పనిచేస్తున్న మేనత్త వెంట పంపించారు. ఆ నాలుగు నెలలూ ఏడాదిన్నర అయ్యాయి. చివరికి ఆయన కూడా మగ్గానికి దండం పెట్టి లేచాడు.

నూలు వడికే ఆ పెద్ద షెడ్డులో అడుగు పెట్టగానే ఆయనకు చెవులు దిమ్మెక్కాయి. వందల కదుళ్లు ఒక్కసారిగా తిరుగుతుంటే పక్క మనిషి అరిచినా వినబడదు. అక్కడందరిదీ చేతి సైగల భాష. వేళ్లు నలిపితే పోగు తెగిందని. పొట్ట మీద చేయి గుండ్రంగా తిప్పితే మేస్త్రీ వస్తున్నాడని. మేస్త్రీ ఎదురుగా ఉన్నప్పుడు కూడా పిచ్చుక ఆ సైగ చేసి, పొట్ట నిమురుకుంటున్నట్టు నటించగలదు.

తెగిన పోగులు అతకడమే వాళ్లిద్దరి పని. పోగు అతకడమంటే ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. మొదటి పోగుకు ముడి వేశాడు. ఎక్కడ వేశాడో తనకే కనబడనంత నున్నగా వచ్చింది. దాన్ని చూసి మురిసేలోపల పక్కన మరో మూడు తెగాయి. పిచ్చుక ఎగిరొచ్చి మూడింటినీ అతికి, నాన్న ముడిని తెంపి, కొసలు కలిపి నలిపి వదిలేసింది.

మధ్యాహ్నం విరామంలో గోడ పక్కన కూర్చుని తింటూ పాఠం చెప్పింది.

"ముడి వెయ్యకు నాన్నా. ఊరికే నలిపెయ్ చాలు."

"అంత మంచి ముడి..."

"నువ్వు బాగానే చేస్తావు. కానీ ఇక్కడ బాగా చేసే టైము లేదు."

ఆయన ఉసూరుమని చేతులు దులుపుకున్నాడు. "సరే, తిన్నాక కాసేపు అలా నడుం వాలిస్తే?"

"అమ్మో! కునుకా? కుదరదు." పిల్ల కాసేపు ఆలోచించింది. "నిలబడి పడుకోవడం నేర్పిస్తాలే."

అది పరాచికమనుకుని ఆయన పడీ పడీ నవ్వాడు. మూడో రోజు సాయంత్రం చూశాడు. పిచ్చుక కళ్లు మూసుకుపోయి ఉన్నాయి, కాళ్లు మాత్రం కదుళ్ల వరుస వెంట నడుస్తున్నాయి. వరుస చివర నిద్రలోనే వెనక్కి తిరిగింది.

ఆ వారం సెలవురోజు మధ్యాహ్నం ఇంట్లో చాప మీద పడుకున్న పిల్ల బొటనవేలూ చూపుడువేలూ గాలిలో నలుగుతూనే ఉన్నాయి.

"ఇలా రావే, నీ కూతురు నిద్రలో కూడా పోగులు అతుకుతోంది," అని ఆయన భార్యను పిలిచి నవ్వాడు. ఆమె నవ్వలేదు. వంగి, ఆ వేళ్లను మెల్లగా పిడికిలిగా మూసింది. పిడికిలి విచ్చుకుని వేళ్లు మళ్లీ మొదలుపెట్టాయి. ఆయన నవ్వు సగంలో ఆగిపోయింది. తిండి మానినా కునుకు మానని మనిషి, ఆ పూట కన్ను మూయలేదు.

మరుసటి వారం తనిఖీ అధికారి వచ్చాడు. పన్నెండేళ్లు నిండని పిల్లల్ని పనిలో పెట్టకూడదని కొత్తగా చట్టం వచ్చింది. దానికి మిల్లువాళ్లు కొత్తగా ఏర్పాటు చేసుకున్నారు. గేటు దగ్గర కబురు అందగానే చిన్నపిల్లల్ని పత్తి గదిలో మూటల వెనక్కి తోలేస్తారు. పిచ్చుక కాస్త పొడుగరి, పైగా ఆ వరుసను ఆపడానికి వీల్లేదు. కాబట్టి దాన్ని వదిలేశారు.

"నాకు పన్నెండు అని చెప్పాలి," అని నాన్న చెవిలో అరిచింది. "మర్చిపోకు. నువ్వసలే మతిమరుపు మనిషివి."

అధికారి సన్నగా ఉన్నాడు, కళ్లద్దాల నిండా దూది నుసి. పిచ్చుక మడమలు పైకెత్తి, పెదాలు సాగదీసి "పన్నెండు" అంది. అధికారి నాన్న వైపు తిరిగి కనుబొమ్మలు ఎగరేశాడు. అధికారి వెనక మేస్త్రీ కళ్లురుముతున్నాడు.

కునుకాయన సైగల భాషలోకి దిగాడు. కుడిచేయి ఎత్తి ఐదు వేళ్లూ చూపించాడు. తర్వాత ఎడమచేయి ఎత్తాడు, బొటనవేలు మడిచి.

పిచ్చుక ఆ తొమ్మిది వేళ్లూ చూసింది. గెంతి ఆ చేయి పట్టుకుని, మడిచిన బొటనవేలిని బలవంతంగా నిలబెట్టింది. పది అయింది. ఇంకా రెండు కావాలి, నాన్న దగ్గర వేళ్లు అయిపోయాయి. ఒక్క క్షణం తడబడి, తన రెండు వేళ్లు వాటి పక్కన పెట్టింది.

అధికారి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. వస్తున్న నవ్వును పెదాల మధ్య బిగబట్టాడు. మళ్లీ పెట్టుకునేసరికి ఆ మొహంలో నవ్వు లేదు. పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. పోతూ పోతూ పత్తి గది ముందు ఆగాడు. లోపల ఎవరో తుమ్మారు. ఆ వెంటనే ఇంకొకరు. ఆ తర్వాత వరసగా ఆరు తుమ్ములు.

"పత్తి మూటలకు జలుబు చేసిందా మేస్త్రీ?" అన్నాడు.

పదకొండుమంది బయటికొచ్చారు, ముక్కులు తుడుచుకుంటూ. పిచ్చుకతో పన్నెండుమంది. సాయంత్రానికల్లా అందరినీ ఇంటికి పంపేశారు.

మేస్త్రీ ఊరుకుంటాడా? మర్నాడే కునుకాయనను దూది దులిపే గదికి మార్చాడు. ఇంటికొచ్చేసరికి ఆయన తల నుంచి పాదాల దాకా తెల్లగా ఉండి, దగ్గుతూ గుమ్మంలో నిలబడేవాడు. ఇద్దరు తల్లులు వచ్చి కడిగిపారేశారు. "నీ పిల్ల సంగతి నువ్వు చూసుకో. మా పిల్లల కూడు ఎందుకు చెడగొట్టావు?"  ఆయన తల వంచుకుని అంతా విన్నాడు.

పిచ్చుక చోటులో ఆయన భార్య కుదిరింది. మొదటి రోజు ఇంటికొచ్చి కాళ్లు చాపుకుని కూర్చుండిపోయింది. "ఇంత పొడుగు వరుసేమిటయ్యా! అది రోజంతా ఎలా తిరిగిందో!"

పిచ్చుక నాన్నతో మాట్లాడటం మానేసింది. చెప్పాల్సింది గోడకు చెప్పేది. "నన్ను వచ్చే ఏడు పెద్ద వరుసకు మారుస్తామన్నారు. అంతా పోగొట్టారు కొందరు. నాకు పని వచ్చు. రానిది వాళ్లకే."

"నిజమే," అన్నాడు ఆయన గోడ తరఫున.

అధికారి రాసిన రాతతో పన్నెండుమందినీ వీధి చివరి బడిలో చేర్చారు. పిల్ల మూతి ముడుచుకునే వెళ్లేది. ఐదో రోజు సాయంత్రం ఉండబట్టలేక నాన్న దగ్గరికి వచ్చి కూర్చుంది.

"అక్కడ కూడా గంట కొడతారు నాన్నా."

"కొట్టనీ. పాఠానికి గంట ఉంటుందిగా."

"అది కాదు. మధ్యలో ఆడుకోమని కొడతారు. అందరూ బయటికి పరుగెత్తారు. మేం పన్నెండుమందిమి గోడ దగ్గర నిలబడ్డాం."

"ఎందుకే?"

"ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు."

ఆయన కళ్లు తిప్పుకున్నాడు.  పిల్ల తల మీద చేయి వేశాడు. పిల్ల విదిలించుకోలేదు.

పది రోజుల తర్వాత, మిల్లు గేటు దాటి భార్యాభర్తలు ఇంటికొస్తుంటే వీధి మలుపులో పిల్లల కేకలు వినిపించాయి. పిచ్చుక ఒంటికాలి మీద గెంతుతూ, పత్తి గదిలో తుమ్మిన చిన్నవాణ్ని తరుముతోంది. అమ్మానాన్నల్ని చూసింది. ఆగలేదు, దగ్గరికి రాలేదు, పక్క సందులోకి దూసుకుపోయింది.

"పిలవనా?" అంది భార్య.

"ఒద్దు, ఉండనియ్," అన్నాడు ఆయన. తాళంచెవి తీసి ఇంటి తలుపు తెరిచాడు.